పెట్టెలో పడుకున్నావిడ

ఐంద్రజాలికుడు అన్న మాటకి స్త్రీలింగం ఏమిటో చెప్పండి చూద్దాం. "ఐంద్రజాలిక" అనొచ్చేమో. కానీ ఆ మాట ఎవరి నోటైనా విన్నారా? నేను బి.ఏ. తెలుగు చదివిన మూడేళ్ళలో ఒక్కసారీ వినలేదు. మాంత్రికుడికి మంత్రగత్తె ఉంది గానీ అది తిట్టు. మాయలాడి ఉంది, అది ఇంకా పెద్ద తిట్టు. మాయ చేసి చప్పట్లు కొట్టించుకునే ఆడమనిషికి మన వాడుకలో మర్యాదైన పేరే లేదు.

ఈ ఆలోచన మా అమ్మాయి వల్ల వచ్చింది. ఏడో తరగతి అయిపోయి సెలవుల్లో ఉంది. మొన్న ఫోన్‌లో పాత మ్యాజిక్ షో ఏదో చూస్తోంది. పెట్టెలో ఒకమ్మాయిని పడుకోబెట్టి రంపంతో రెండు ముక్కలు కోసేది, మనందరం ఎప్పుడో ఒకప్పుడు చూసిందే. అంతా చూసి, "అమ్మా, కోసినాయన పేరు పెద్ద అక్షరాలతో వేశారు. పెట్టెలో పడుకున్నావిడ పేరేంటి?" అంది. నాకు తెలియదన్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని చదవడం మొదలుపెట్టాను. దొరికింది మీతో పంచుకుంటున్నాను.

మొట్టమొదట జనం ముందు అలా పెట్టెలో పడుకున్నావిడ పేరు బెట్టీ బార్కర్. 1921 జనవరి 17న లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ ఎంపైర్ అనే థియేటర్లో జరిగింది. కోసినాయన పి. టి. సెల్బిట్. అసలు ఇంటిపేరు టిబుల్స్. దాన్ని వెనకనుంచి చదివి, ఒక అక్షరం తగ్గించి సెల్బిట్ అని పెట్టుకున్నాడు. పేరులోనే గారడీ ఉందన్నమాట!

బెట్టీ మణికట్లకి, చీలమండలకి, మెడకి తాళ్ళు కట్టారు. నిలువుగా ఉన్న పెట్టెలోకి ఆమెను ఎక్కించి, తాళ్ళ కొసలు కన్నాల్లోంచి బయటికి తీసి, ప్రేక్షకుల్లోంచి వచ్చినవాళ్ళ చేతికిచ్చారు. గట్టిగా లాగి పట్టుకోమన్నారు. మూత వేసి, పెట్టెను అడ్డంగా పడుకోబెట్టారు. అద్దపు పలకలు పెట్టెలోకి దూర్చారు. ఆ తర్వాత దుంగలు కోసే పెద్ద రంపంతో నడిమికి కోశారు. మూత తీసేసరికి అమ్మాయి క్షేమం. తాళ్ళు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

సెల్బిట్‌కి ప్రచారం చేసుకోవడం బాగా తెలుసు. విరామంలో పనివాళ్ళ చేత బకెట్ల కొద్దీ ఎర్రనీళ్ళు తెప్పించి థియేటర్ బయట కాలవలో పారబోయించేవాడు. ఊళ్ళో అంబులెన్సులు తిప్పేవాడు. ఇంకో పని కూడా చేశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆడవాళ్ళకి ఓటు కోసం పోరాడిన ప్రముఖుల్లో క్రిస్టాబెల్ పాంక్‌హర్స్ట్ ఒకావిడ. ఆవిడ పని కోసం చూస్తోందని తెలిసి, వారానికి 20 పౌండ్లిస్తాను, వచ్చి నా పెట్టెలో పడుకోమని అడిగాడు. ఆవిడ ఒప్పుకోలేదు. 1918లో ముప్ఫై ఏళ్ళు దాటి, కొంత ఆస్తి అర్హత ఉన్న ఆడవాళ్ళకి అక్కడ ఓటు వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి ఆడమనిషిని పెట్టెలో పెట్టి కోసే ఆటకి జనం ఎగబడ్డారు. రెండింటికీ సంబంధం ఉందని మ్యాజిక్ చరిత్ర రాసినవాళ్ళే అన్నారు.

అంతకు ముందు మాయలకి ఆడవాళ్ళే కావాలన్న నియమం లేదు. 1847లో పారిస్‌లో రాబర్ట్ హూడిన్ తన చిన్న కొడుకునే గాలిలో అడ్డంగా పడుకోబెట్టి చూపించాడు. ఒక్క కర్ర మీద మోచెయ్యి ఆనించి పిల్లాడు తేలుతూ ఉండేవాడు. అప్పుడే ఆపరేషన్లకి ఈథర్ మత్తుమందు కొత్తగా వచ్చింది. ఆ మందు వాసన పీలిస్తే ఒళ్ళు తేలికైపోతుందని జనానికి చెప్పేవాడు. పసివాడి ఆరోగ్యం పాడు చేస్తున్నావని చూసినవాళ్ళు కొందరు ఆయన్ని తిడుతూ ఉత్తరాలు కూడా రాశారు. మగపిల్లాడికి జాలిపడి ఉత్తరాలు వచ్చాయి. బెట్టీకి టిక్కెట్లు అమ్ముడుపోయాయి.

1921లోనే అమెరికాలో హొరేస్ గోల్డిన్ అనే ఆయన ఇలాంటి ఆటే మొదలుపెట్టాడు. న్యూయార్క్‌లో తోటి మ్యాజిక్ వాళ్ళ ముందు మొదటిసారి చూపించినప్పుడు పెట్టెలో పడుకున్నది ఒక హోటల్ కుర్రాడు. అది రక్తి కట్టలేదు. కుర్రాడి చోట అమ్మాయిని పెట్టి, తలా చేతులూ కాళ్ళూ పెట్టె బయటికి కనిపించేలా మార్చాక ఊరూరా హాళ్ళు నిండిపోయాయి. మనం చూస్తున్నది ఇప్పటికీ ఆ పద్ధతే.

ఇంకో కారణం కూడా చెబుతారు. పాతకాలపు ఇంగ్లీషు దొరసానుల గౌన్లు ఎన్ని గజాల గుడ్డో! వాటితో ఏ పెట్టెలో దూరగలరు? 1920ల నాటికి బట్టలు కురచయ్యాయి, ఒంటికి అతికాయి. చిన్న చోటులో ఇమిడిపోయే మనిషిగా అమ్మాయి పనికొచ్చింది.

ఇమిడిపోవడం అన్నాను కదా, అసలు పనంతా అక్కడే ఉంది. ఏ ఆటలో ఏ కిటుకుందో నేనిక్కడ విప్పను, అది వాళ్ళ బతుకుతెరువు. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. పెట్టె మన కంటికి కనిపించేంత సన్నగా ఉండదు, లోపలి మనిషి మనం అనుకున్నట్టు తీరిగ్గా పడుకుని ఉండదు. మోకాళ్ళు ముడుచుకోవాలి, నడుం మెలితిప్పాలి, ఊపిరి బిగబట్టాలి. అర క్షణం అటూ ఇటూ కాకుండా కదలాలి. బయట ఉన్నాయన చేతులు ఊపుతుంటాడు, కథ చెబుతుంటాడు, మన కళ్ళు ఆయన మీద ఉంటాయి. ఉండాల్సింది కూడా అక్కడే. ఎక్కువ పని చేసే మనిషి ఏమీ చెయ్యనట్టు కనిపించాలి. అదే మాయ. పైగా తల బయటికుంటే ఆ తల నవ్వుతూ ఉండాలి.

హారీ హూడినీ పేరు మనకందరికీ తెలుసు. సంకెళ్ళు విప్పుకుని బయటపడే మొనగాడు. ఆయనకి మొదట్లో పేరు తెచ్చిన ఆటల్లో ఒకటి పెట్టె మార్పిడి. ఒకరిని సంచిలో కట్టి పెట్టెలో వేసి తాళం వేస్తారు. తెర మూసి, మూడు చప్పట్లు కొట్టేసరికి లోపలివాళ్ళు బయట, బయటివాళ్ళు లోపల. మొదట తమ్ముడితో చేసేవాడు. 1894లో బెస్‌తో పెళ్ళయ్యాక తమ్ముడి చోటులోకి ఆవిడ వచ్చింది. మనిషి చిన్నది, చురుకు ఎక్కువ. ఆ మూడు సెకన్లలో ఆయన ఎంత పని చేస్తే ఆవిడా అంతే చెయ్యాలి. ఆట పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చేది మాత్రం ఆయనే.

నా చిన్నప్పుడు మా ఊరి సినిమా హాల్లో ఒకసారి మ్యాజిక్ షో పెట్టారు. నేను, అన్నయ్య, అమ్మ, నాన్న వెళ్ళాం. రంపం ఆట రాగానే హాలంతా ఊపిరి తియ్యడం మానేసింది. నేను అమ్మ చీర కొంగులో మొహం దాచుకున్నాను. ఇంటికొచ్చే దారిలో నాన్న, అన్నయ్య ఎలా చేసి ఉంటాడా అని ఒకటే వాదించుకున్నారు. అద్దాలున్నాయంటారు ఒకరు, ఇద్దరమ్మాయిలున్నారంటారు ఇంకొకరు. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. రిక్షా దిగుతూ, "పాపం ఆ పిల్లకి ఇవాళ రాత్రి నడుం ఎంత నొప్పి పెడుతుందో" అంది. నాన్న నవ్వేశారు. అంతమంది ఉన్న హాల్లో ఆ పిల్ల నడుం గురించి ఆలోచించిన మనిషి మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది.

ఇక మన దేశానికొస్తే పి. సి. సర్కార్ గారు. 1913లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని తంగాయిల్‌లో పుట్టారు. తలపాగా, రాజుగారి దుస్తులు, "ఇంద్రజాల్" అనే తన ప్రదర్శనతో దేశదేశాలు తిరిగారు. 1956 ఏప్రిల్ 9న బి.బి.సి. టీవీలో పనోరమా కార్యక్రమంలో దీప్తి డే అనే 17 ఏళ్ళ అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి, గిర్రున తిరిగే చక్రపు రంపాన్ని నడుం మీదుగా పోనిచ్చారు. తర్వాత ఆమె చేతులు రుద్దారు, పేరు పెట్టి పిలిచారు. ఆమె లేవలేదు. ఆయన తల అడ్డంగా ఊపి, ఆమె మొహం మీద గుడ్డ కప్పారు. ఇంతలో కార్యక్రమం నడిపే రిచర్డ్ డింబుల్‌బీ ముందుకొచ్చి, ఇవాళ్టికి సెలవు అని ముగించేశాడు.

అమ్మాయి నిజంగా చచ్చిపోయిందనుకున్నారు జనం. బి.బి.సి.కి ఫోన్ల మీద ఫోన్లు. కార్యక్రమానికిచ్చిన సమయం అయిపోయింది, అందుకే ఆపేశాం, అమ్మాయి క్షేమంగా ఉంది అని వాళ్ళు చెప్పుకోవాల్సి వచ్చింది. మర్నాడు పత్రికల నిండా ఇదే. లండన్ థియేటర్లో సర్కార్ గారి ప్రదర్శనలకి టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. ఒక పరాయి దేశం మొత్తం ఒక రాత్రి మన అమ్మాయి కోసం కంగారుపడింది. అయినా ఆమె పేరు నేను నలభై ఏళ్ళు దాటాక, మా అమ్మాయి అడిగితే తెలుసుకున్నాను.

పెట్టె బయటికొచ్చి నిలబడ్డ ఆడవాళ్ళూ ఉన్నారు. అడిలైడ్ హెర్మన్ కథ చదువుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అమెరికాలో పెద్ద మ్యాజిక్ కళాకారుడైన అలెగ్జాండర్ హెర్మన్ భార్య, ఆయన ఆటల్లో సహాయకురాలు. 1896 డిసెంబరులో ఆయన ప్రయాణంలో ఉండగా రైల్లోనే పోయాడు. చెయ్యాల్సిన ప్రదర్శనలు మిగిలే ఉన్నాయి, బృందమంతా ఆవిడ వైపే చూస్తోంది. కొద్ది వారాలకే, 1897 జనవరిలో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో ఆవిడ తుపాకీ గుండ్లు పట్టుకునే ఆట చేసింది. ఆ ఆటలో ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆవిడే "మ్యాజిక్ మహారాణి". 1926లో గోదాములో అగ్నిప్రమాదం జరిగి సామానంతా పోయింది, ఆటల్లో వాడే జంతువులు చాలా వరకు చనిపోయాయి. అప్పటికి డెబ్భై దాటిన మనిషి. మళ్ళీ కొత్త ఆట కట్టుకుని వేదిక ఎక్కింది. ఆవిడ రాసుకున్న జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చింది 2012లో, ఆవిడ పోయిన 80 ఏళ్ళకి.

ఇంకొకటి చెప్పి తీరాలి, మీకు నవ్వొస్తుంది. లండన్‌లో మ్యాజిక్ సర్కిల్ అని 1905లో పెట్టిన పెద్ద సంఘం ఉంది. అందులో 1991 వరకు ఆడవాళ్ళకి సభ్యత్వం లేదు. జెన్నీ విన్‌స్టాన్లీ అనే ఆవిడకి ఒళ్ళు మండి, సోఫీ లాయిడ్ అనే నటికి మగవేషం వేయించింది. విగ్గు, బుగ్గల్లో దూదిలాంటివి కుక్కడం, ఆడచేతులు బయటపడకుండా గ్లవ్స్. గ్లవ్స్ వేసుకుని పేకముక్కలతో హస్తలాఘవం చూపించడమంటే మాటలా! "రేమండ్ లాయిడ్" అనే పేరుతో పరీక్ష పాసై సభ్యుడైపోయింది. ఆ ఏడాదే సంఘం ఆడవాళ్ళని చేర్చుకుంటామనగానే తను ఆడదాన్నని చెప్పింది. వాళ్ళేం చేశారో తెలుసా? మోసం చేసిందని సంఘంలోంచి తీసేశారు! కనికట్టు చెయ్యడమే వృత్తిగా ఉన్నవాళ్ళు! 2025లో ఆవిణ్ణి వెతికి పట్టుకుని మళ్ళీ సభ్యత్వం ఇచ్చారు.

ఇదంతా చదువుతున్నంతసేపూ ఒక న్యాయం మాత్రం ఒప్పుకోక తప్పలేదు. మ్యాజిక్‌లో రహస్యం కాపాడాలి. బెట్టీ బార్కర్ బయటికొచ్చి, "లోపల నేను పడే పాట్లు ఇవీ" అని చెప్పేస్తే ఆట అక్కడితో సరి. ఆమెకీ కూడు పోతుంది, ఆయనకీ పోతుంది. ఆమె మౌనం జీతంలో భాగం. మరి ఇంట్లో?

ఈ సంక్రాంతికి మేమంతా అమ్మావాళ్ళ ఊరెళ్ళాం. అన్నయ్యావాళ్ళు, మేము, బాబాయిగారి కుటుంబం, మొత్తం పద్నాలుగుమందిమి. మేం దిగేసరికే అరిసెలు, చక్కిలాలు, సున్నుండలు డబ్బాల్లో ఉన్నాయి. భోగి నాడు వేణ్ణీళ్ళ దగ్గర్నుంచి కనుమ నాడు గారెల దాకా ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తూనే ఉన్నాయి. నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ కబుర్లు. "మాస్టారింట్లో పండగంటే పండగే" అని అందరూ మెచ్చుకుంటున్నారు. అమ్మ మాటిమాటికీ గడప పట్టుకుని ఆగుతోంది. "ఏంటమ్మా ఆ ఆయాసం?" అని అడిగితే "పొయ్యి సెగే" అంది. వదిన గరిటె లాక్కోబోతే "రేపు మీ ఇంట్లో చేద్దువుగానిలే" అని నవ్వింది.

ముక్కనుమ సాయంత్రం పెరట్లోంచి రెండు మెట్లెక్కి, మూడోది ఎక్కలేక కూలబడిపోయింది. పెదాలు సున్నం కొట్టినట్టు ఉన్నాయి. ఆస్పత్రికి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 6. రెండు సీసాల రక్తం ఎక్కించారు. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో కొని నెలల తరబడి వేసుకున్న మాత్రల వల్ల కడుపులో పుండు పడి, కొంచెం కొంచెంగా రక్తం పోతోందని పరీక్షలు చేసి చెప్పారు. ఎన్నాళ్ళ నుంచి నీరసంగా ఉందమ్మా అని డాక్టరుగారు అడిగితే, వినాయక చవితి నుంచి అంది. నాలుగు నెలలు!

"ఒకే ఇంట్లో ఉన్నాం, నాకు తెలియనే లేదే" అన్నారు నాన్న. ఆయన గొంతు వణుకుతోంది.

"తెలియకూడదనే కదా" అంది అమ్మ, చాలా మామూలుగా.

ఆ రాత్రి ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు బెట్టీ బార్కర్ ఎవరో తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి ఒక మాట అనగలను. స్టేజీ మీద రహస్యం బయటపడితే ఆట పోతుంది. ఇంట్లో రహస్యం బయటపడితే పోయేదేమిటి? పండగ దానంతటదే జరిగిపోతుందన్న భ్రమ పోతుంది, అంతే. గారెలు గారెల్లాగే ఉంటాయి. దాచిపెడితే పోయేది మాత్రం మనిషి.

అమ్మ ఇంటికొచ్చాక నేను పది రోజులు అక్కడే ఉన్నాను. ఓ మధ్యాహ్నం నాన్న తెల్లకాగితాలు తెచ్చి, "ఆ మూడు రోజులకీ నువ్వు చేసే పనులన్నీ చెప్పు, రాస్తాను" అన్నారు. నెల ముందు బియ్యం, బెల్లం తెప్పించడం దగ్గర్నుంచి అమ్మ చెబుతూ పోయింది, ఆయన గుండ్రటి అక్షరాలతో రాస్తూ పోయారు. నాలుగు పేజీలు వచ్చింది. తర్వాత ఎర్ర పెన్ను తీసి, అలవాటుగా దిద్దడం మొదలుపెట్టారు. ఇది నేను, ఇది అబ్బాయి, ఇది కొనుక్కుందాం, ఇది అసలు అక్కర్లేదు.

అమ్మకి కోపం వచ్చింది. "ఇలా లెక్క రాసి గోడకి అంటిస్తే ఇంక పండగేముందండీ? పిల్లలు లేచేసరికి అన్నీ సిద్ధంగా ఉంటే వాళ్ళ మొహాలు ఎలా వెలుగుతాయో మీకేం తెలుసు? ఆ సంతోషం నాది" అంది. నాకు జవాబు దొరకలేదు. అడిలైడ్ హెర్మన్‌ని డెబ్భై దాటాక మళ్ళీ వేదిక ఎక్కించింది కూడా ఇలాంటి సంతోషమేనేమో. దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టెయ్యడం న్యాయం కాదు. చివరికి అరిసెల పాకం పట్టడం అమ్మదే అని, పిండి దంచడం, వత్తడం, వేయించడం మిగతావాళ్ళవని రాజీ కుదిరింది. మోకాళ్ళకి ఏ మాత్రలైనా డాక్టరు రాసిస్తేనే అన్నది మాత్రం రాజీ లేని షరతు.

ఉగాది పచ్చడి నాన్నే కలిపారట. వేపపువ్వు మరీ ఎక్కువైందని అమ్మ చెప్పి నవ్వింది. కిందటి నెల పరీక్షలో హిమోగ్లోబిన్ 10 దాటింది. మాత్రల డబ్బా నాన్న చేతిలో ఉంది, బడి గంట కొట్టినట్టు టైముకి ఇస్తున్నారు.

నిన్న సాయంత్రం అలవాటు ప్రకారం ఫోన్ చేశాను. బెట్టీ గురించీ దీప్తి గురించీ చెబుదామనుకున్నాను. అమ్మ ఫోనెత్తి, "ఇవాళ అలసిపోయానే, కాసేపు పడుకుంటాను. రేపు చేస్తావా?" అంది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా అమ్మ నోట అలసిపోయాను అన్న మాట వినడం ఇదే మొదటిసారి. అలాగేనమ్మా, పడుకో అన్నాను.